రికార్డులు తుడిచిన గుడ్డ

1979 జూన్ 11, సోమవారం నాడు మా ఆయనను తిరుపతి ఆసుపత్రి నుంచి చిత్తూరులో మా ఇంటికి తీసుకొచ్చాను. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేది అర్థమయ్యేది, తల ఊపేవారు. ఆసుపత్రిలో ఉన్నది ఎనభై మూడు రోజులు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు, నాకు నలభై ఏడు. మాకు పిల్లలు లేరు. నేను ఒక బాలికల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. నేను బడికి పోయినప్పుడు పక్కింటి ముసలామె ఆయనను కనిపెట్టుకుని ఉండేది.

ఆయనకు మిగిలినవి రికార్డులు. అరవై నాలుగు పెద్ద రికార్డులు, ఎక్కువగా వీణ, నాదస్వరం. గుమాస్తా జీతంలో ఇరవై ఏళ్లపాటు ఒక్కొక్కటే కొనుక్కున్నవి. ఒంట్లో బాగున్న రోజుల్లో నన్ను వాటి మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. "మేయ్, నువ్వు ముట్టుకుంటే వాటికీ మార్కులేస్తావు, అవతలికి పో" అనేవారు. గడ్డం గీసుకునే పాత కుంచె ఒకటి వాటికోసమే పెట్టుకున్నారు. రికార్డు తిరుగుతుంటే ఊపిరి బిగబట్టి, ఆ కుంచెను ఒక్క చుట్టు ఆనించి తీసేసేవారు. అంతే. తడి అన్నది తగలనిచ్చేవారు కాదు. అది సోమరితనమని నేననుకునేదాన్ని.

ఇంటికొచ్చిన వారానికి రికార్డుల అట్టల మీద ఒకటి నుంచి అరవై నాలుగు దాకా నంబర్లు అంటించాను. పట్టిక రాసి మంచం పక్కన గోడకు తగిలించాను. సాయంత్రం ఆరింటికి రికార్డు ప్లేయరు పెట్టె మూత తీసి "ఎంత?" అని అడిగేదాన్ని. ఆయన ఎడమ చేతి వేళ్లతో ముందు పదులు చూపి, కాస్త ఆగి, ఒకట్లు చూపేవారు. అయిదు దాటితే అరచెయ్యి మొత్తం ఒకసారి, మిగిలిన వేళ్లు ఇంకోసారి. సున్నా అయితే పిడికిలి. అన్నం మేం పెట్టినప్పుడు తినాలి, మేం తిప్పినప్పుడు అటు తిరగాలి. రోజు మొత్తంలో ఆయన తన ఇష్టంతో చేసేది ఆ అంకె చూపడం ఒక్కటే.

మూడు నెలలు మూతపడి ఉండడంతో రికార్డులు దుమ్ము పట్టాయి. కుంచె తీసి చూస్తే వెంట్రుకలు రాలుతున్నాయి. పారేశాను. ఇక దేనితో తుడవాలన్నది తేల్చుకోవాలి. జూలైలో తిరుపతి పోయి, రికార్డుల అంగట్లో ఉన్న సరంజామా అంతా చూశాను. కొయ్య పిడికి మఖమల్ గుడ్డ చుట్టినది ఒకటి, స్పాంజి ఒకటి, మద్రాసు నుంచి వచ్చిన పసుపు రంగు గుడ్డ ఒకటి. మూడూ కొన్నాను. కొన్నాను కదా అని నమ్మే మనిషిని కాదు. ఇంటికొచ్చి నల్ల పలకను శుభ్రంగా తుడిచి, ఒక్కోదానితో పదేసి సార్లు రుద్ది, భూతద్దంతో చూశాను. ఇంట్లోని పాత పంచె ముక్క ఇరవై మూడు పోగులు రాల్చింది. మఖమల్ తొమ్మిది. పసుపు గుడ్డ ఆరు. స్పాంజి పోగులు రాల్చలేదు కానీ తడి మరక వదిలింది.

మా పుట్టిల్లు నగరి. నేత ఇల్లు. ఆ ఆదివారం అక్కడికి పోయినప్పుడు మగ్గం మీద నుంచి అప్పుడే కోసిన సన్ననూలు గుడ్డ చూశాను. దానితోనూ పలక మీద పదిసార్లు రుద్దాను. ఒక్క పోగు లేదు. ఇంకో పదిసార్లు రుద్దాను. లేదు.

మా తమ్ముడు మగ్గం దగ్గర నుంచే నవ్వాడు. "ఏందక్కా, బావ పాటల పెట్టెకి మధుపర్కాలు నేసియ్యమంటావా?"

"తుడిచేదానికిరా. దీనంత శుభ్రమైనది యాడా దొరకలా."

"తుడిచే గుడ్డకి ఎనభయ్యో నంబరు సన్ననూలా! మా ఆడోళ్లకి గూడా కట్టబెట్టలేదు నేను. సరే, తీస్కపో. బావ కోసరం గదా. ఉతికించి పంపేదా?"

"వద్దు. ఉతికితే పింజ లేసి పోగులు రాల్తాయి."

ఆ మాట నేనే అన్నాను. తేదీ జూలై 22.

అయిదు గజాల గుడ్డ ఇచ్చాడు. దాన్ని అరవై నాలుగు ముక్కలు చేశాను. ఒకదాని మురికి ఇంకోదానికి అంటకుండా రికార్డుకొక ముక్క. కాచి, వడపోసి, చల్లార్చిన నీళ్లలో ముక్కను తడిపి పిండి, గాడి వెంబడి గుండ్రంగా మూడు చుట్లు తుడిచి, నీడన ఆరబెట్టేదాన్ని. ఆగస్టు ఒకటో తేదీన మొదలుపెట్టాను. ఉదయం బడికి పోయేలోగా ఒకటి, వరసగా. నోటు పుస్తకంలో తేదీ, తుడిచిన నంబరు, సాయంత్రం ఆయన అడిగిన నంబరు, ఆఖరున విశేషాలని ఒక గడి.

తుడిచిన రోజు రికార్డు బాగానే మోగేది. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. మళ్లీ ఎప్పుడైనా అదే పెడితే వీణ వెనకాల బరబరమని చప్పుడు. దుమ్మింకా పోలేదనుకుని అదే ముక్కతో మళ్లీ తుడిచాను. ఆగస్టు రెండో వారానికి ఆయన వరసలో లేని నంబర్లు అడగడం మొదలుపెట్టారు. నేను తొమ్మిది దాకా వచ్చి ఉంటే ఆయన నలభై చూపేవారు, యాభై ఆరు చూపేవారు. ఒకసారి అడిగింది రెండోసారి అడగడం మానేశారు. నాకు విసుగు. నలభై ఇంకా తుడవలేదు కదా. "ఉండండి, తుడిచి పెడతాను" అని అప్పటికప్పుడు ముక్క తడిపేదాన్ని. ఆయన ఎడమ చేత్తో ఆ గుడ్డను తోసేసేవారు. నేను ఆ చేతిని పట్టి దుప్పటి మీద పెట్టేదాన్ని. ఈ జబ్బులో మనుషులకు మొండితనం వస్తుందని, ఓర్చుకోవాలని డాక్టరు చెప్పాడు. నేను ఓర్చుకున్నాను.

సెప్టెంబరు 10కి అరవై నాలుగూ అయిపోయాయి. అప్పటికి ఏది పెట్టినా చప్పుడే. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవారు. ముల్లు అరిగిందేమోనని మార్చాను. మార్చినా అంతే. 22, శనివారం, మూడు రికార్డులను, ముక్కలు కొయ్యగా మిగిలిన గుడ్డలో చుట్టి బస్సెక్కి తిరుపతి పోయాను.

అంగడాయన పెద్దవాడు. రికార్డును వెలుతురుకు అడ్డంగా వంచి చూశాడు. గోటితో గీరి, ఆ గోటిని బొటనవేలితో నలిపాడు.

"ఇది జిగటమ్మా. దేనితో తుడిచినావు?"

చుట్టి తెచ్చిన గుడ్డే చూపించాను. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నలిపాడు.

"కొత్త గుడ్డ గదమా? ఉతకలా?"

ఆయన ఇంకో రెండు రికార్డులూ చూశాడు. "దుమ్మూ జిగటా కలిసి గాడిలో ఎండిపోయుండాది. దాని మీద ముల్లు గరుకు కాగితం మాదిరి తిరిగినాది. కడిగితే జిగట పోతాదిమా, గాడి రాదు."

"అన్నీ అంతేనా?"

"ఎన్ని తుడిచినావు?"

"అరవై నాలుగు."

ఆయన మూడు రికార్డులనూ అట్టల్లో పెట్టి నా చేతికిచ్చాడు. "ఒకటి చెడినాక ఆపుండొచ్చు గదమ్మా," అన్నాడు.

నేత ఇంట్లో పుట్టినదాన్ని. పడుగు నూలును వీధిలో బారుగా సాగదీసి, బియ్యపు గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతుంటే చూస్తూ పెరిగాను. పింజ లేవకుండా నూలును అణిచిపెట్టేది గంజే. నా పలక మీద ఒక్క పోగు కూడా రాలకపోవడానికి కారణం అదే. గుడ్డను తడిపి తుడిచినప్పుడు గాడిలోకి దిగిందీ అదే. నేను పెట్టిన పరీక్షలో నెగ్గింది గుడ్డ కాదు, గంజి. తమ్ముడు ఉతికిస్తానన్నాడు. నేనే వద్దన్నాను.

అప్పటికీ రుజువు కావాలనిపించింది. ఆదివారం ఉదయం మిగిలిన గుడ్డ పేలిక ఒకటి వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో టింక్చరు అయోడిన్ రెండు చుక్కలు వేశాను. గంజి ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు చేసి చూపించే పరీక్ష. నీళ్లు నీలంగా మారాయి.

తర్వాత నోటు పుస్తకం తీశాను. ఏ రోజు ఏది తుడిచాను, ఆ సాయంత్రం ఆయన ఏది అడిగారు అన్నవి పక్కపక్కన పెట్టి చూసుకుంటూ వచ్చాను. ఆగస్టు 10 తర్వాత నేను తుడిచేసిన రికార్డును ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ప్రతిసారీ తుడవనిదే అడిగారు. అడిగిన ప్రతిదాన్నీ నేను ముందు తుడిచి, ఆ తర్వాతే పెట్టాను. ఆయన అడగబట్టే అవి వరస కంటే ముందుగా చెడిపోయాయి. విశేషాల గడిలో పదకొండు చోట్ల నా చేతిరాతతోనే ఉంది, "గుడ్డ తోసేశారు. మొండితనం."

మధ్యాహ్నం ఆయనకు అన్నం పెట్టి, మూతి తుడిచి, పక్కన కూర్చుని అంతా చెప్పాను. పలక మీద పరీక్ష, తమ్ముడి మాట, గంజి, అంగడాయన చెప్పింది, తేదీలతో సహా. నా మొహం చూస్తూ విన్నారు.

"మీకు మొదటి నుంచీ తెలుసునా?" అని అడిగాను.

తల ఊపారు. ఒకే ఒక్కసారి, స్పష్టంగా.

ఇంకో ప్రశ్న అడగాలి. నా మీద కోపమా అని. అవునని తల ఊపితే ఏం చెయ్యాలో నాకు తెలియదు, కాదని ఊపితే నమ్మలేను. కంచం తీసుకుని లోపలికి వెళ్లాను.

ఆ వారమంతా రికార్డులు కడిగాను. గోరువెచ్చని నీళ్లు, ఉతికి ఆరేసిన మెత్తటి గుడ్డ. జిగట పోయింది. చప్పుడు పోలేదు. అన్నింటిలోకి తక్కువ చెడింది యాభై ఎనిమిదని నాకనిపించింది, నాదస్వరం. అది పెట్టాను. కాసేపు విని ఆయన ఎడమ చెయ్యి ఎత్తారు. అంకె చూపిస్తారని దగ్గరికి వంగాను. ఆపమని సైగ చేశారు.

రేడియో కొన్నాను. దాన్ని పెట్టినా, తీసేసినా ఆయనకు ఒకటే అయింది.

ఆ తర్వాత ఆయన ఏడాదీ నాలుగు నెలలు బతికారు. రోజూ ఆరింటికి మంచం పక్కన కూర్చుని "ఎంత?" అని అడిగేదాన్ని. కొన్నాళ్లు మానేసి చూశాను, మళ్లీ అడిగాను. చెయ్యి దుప్పటి మీద అలాగే ఉండేది. ఆ చేతిలో బలముంది. నీళ్ల గ్లాసు పట్టుకునేవారు, దోమను తోలుకునేవారు. వేళ్లు మాత్రం నాకు చూపలేదు.