మల్లేశన్నకు రుచి తెలుసు

ఒక మనిషి గురించి హోటల్ ఫైల్లో మిగిలిన ఒకే ఒక్క అభిప్రాయం అబద్ధం. అందుకే ఇది రాసిపెట్టాలి. "రుచులు గుర్తించే శక్తి లేదు" అని ఉంది ఆ కాగితం మీద. ఆ మనిషి మల్లేశం గౌడ్, జగిత్యాల వైపు పల్లె. మా అందరికీ మల్లేశన్న. పోయిన ఆదివారం ఉదయం, ఇక్కడ ఖతార్‌లో, పనివాళ్ళం ఉండే ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్ నుంచి డ్యూటీకి వస్తున్న కంపెనీ బస్సులో, కిటికీకి తల ఆనించి కూర్చున్నవాడు కూర్చున్నట్టే కన్నుమూశాడు. హోటల్ వెనక గేటు దగ్గర అందరూ దిగారు. ఆయన దిగలేదు.

కబురు వచ్చేసరికి నేను లినెన్ స్టోర్‌లో బల్లగుడ్డలు మడత పెడుతున్నాను. చేతిలో ఉన్న గుడ్డనే విప్పి మడత పెడుతూ, మళ్ళీ విప్పుతూ చాలాసేపు నిలబడ్డానట. నాకు గుర్తు లేదు. ఆయనను ఇంటికి పంపే పనుల కోసం ఫైలు తీసిన కరీం భాయ్ ఆ కాగితం చూపించాడు. కరీం భాయ్ హైదరాబాద్ మనిషి, మా హోటల్ బార్‌కు సూపర్‌వైజర్. ఆ కాగితం పుట్టడానికి కారణం రాసినవాడొక్కడే కాదు. నేను కూడా. సంస్మరణ వ్యాసాల్లో ఇలాంటివి రాయకూడదంటారు. నేను రాస్తాను.

మల్లేశన్న కల్లు గీయడానికి ఇరవై ఏళ్ళు తాటిచెట్లు ఎక్కినవాడు. చెట్టుకు, నడుముకు చుట్టుకునే మోకు జారి కిందపడి భుజం విరిగాక చెట్టు ఎక్కలేక ఖతార్ వచ్చాడు. చెట్టెక్కలేని ఆ భుజం మీదే ఇక్కడ బీరు పీపాలు మోశాడు. ఎండతో పని లేని నేలకింది చల్లగది ఆయన రాజ్యం. ఒకనాడు బార్‌లో ఎవరో వదిలేసిన గ్లాసు ఎత్తి వాసన చూసి, "కరీం భాయ్, పైపులు కడగలే. వారం అయింది" అన్నాడు. కరీం భాయ్ రిజిస్టర్ తీసి చూస్తే సరిగ్గా వారమే. ఎలా తెలిసిందని అడిగాడు. "లొట్టి కడగకుంటే కల్లు చెప్తది భాయ్. గిదీ గంతే" అన్నాడు మల్లేశన్న. లొట్టి అంటే కల్లు పట్టే కుండ.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాది గ్రంథాలయాల్లో చదువుకున్నాను, దాచుకునే పని లేదు. సెలవు దొరికిన ప్రతి శుక్రవారం మెట్రో ఎక్కి ఇక్కడి పెద్ద లైబ్రరీకి వెళ్తాను. "ఏం లైబ్రరీ సారూ, ఇయ్యాల ఏ పుస్తకం నమిలినవ్?" అని మల్లేశన్న అడిగేవాడు. ఆ వేళాకోళం నాకు పతకంలా ఉండేది.

నిరుడు చలి మొదలైన రోజుల్లో బార్‌లో ఒక కొత్త ఉద్యోగం పెట్టారు. వచ్చిన సరుకు రుచి చూసి, బాగుందో చెడిందో తేల్చే పని. పీపాలు మోయక్కర్లేదు, కుర్చీ ఉంటుంది. కరీం భాయ్ పట్టుబట్టి మల్లేశన్న పేరు ఇచ్చాడు. పరీక్ష ఒక బీరు మీద. చిన్న తయారీదారు చేసిన బ్లాక్ ఐపీఏ అనే నల్లని చేదు రకం, విమానంలో చల్లగా తెప్పించింది. బీరుకు చేదునిచ్చేది హాప్స్ అనే తీగ పూలు. మామూలుగా వాటిని ఎండబెట్టి వాడతారు. దీనిలో మాత్రం తీగ నుంచి కోసిన రోజే, పచ్చిగానే వేశారట.

నేను వారం రోజులు హాప్స్ మీద చదివాను. ఒక శుక్రవారం మల్లేశన్నను కూడా లైబ్రరీకి తీసుకెళ్ళాను. పొడవాటి గుంజలకు అల్లుకున్న తీగలు, నిచ్చెనల మీద మనుషులు ఉన్న బొమ్మను ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది గూడ ఎక్కెటోళ్ల పనే గద తమ్మీ. కోసిన దినమే ఏస్తరా?"

"అవునన్నా."

"అట్లయితే ఆళ్లకు పని తెల్సు."

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. ఇలాంటి బీరుకు పుస్తకాలు చెప్పే రుచులను తెలుగు అక్షరాల్లో రాసి ఆయనకు బట్టీ పట్టించాను. గ్రేప్‌ఫ్రూట్. పైన్ చెట్టు. ఎస్‌ప్రెసో. డార్క్ చాకొలెట్. "కల్లు, లొట్టి అని మాట్లాడకన్నా. ఆఫీసర్ల ముందు పరువు పోతది" అన్నది నేనే. ఆయన బుద్ధిగా తలూపాడు. "పైన్ అంటే ఏం చెట్టు సారూ? ఓసారి చూపియ్యి, ఎక్కి చూస్త" అన్నాడు. నేను నవ్వాను. చూపించలేదు. ఈ దేశంలో నేను కూడా ఆ చెట్టును ఎక్కడా చూడలేదు.

పరీక్ష మధ్యాహ్నం, బార్ తెరవకముందు. బల్లమీద తెల్లగుడ్డ పరిచింది నేనే. మేనేజర్ ఎదురుగా కూర్చున్నాడు. గ్లాసులో బీరు తారులా నల్లగా ఉంది, పైన నురుగు మాత్రం బెల్లం రంగు. మల్లేశన్న గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూశాడు. ఒక గుటక తాగాడు. ఆయన ముఖం మారింది. ఏదో చెప్పబోయాడు. అప్పుడు నా వైపు చూసి, గొంతు సవరించుకుని, వరసగా నా నాలుగు మాటలు అప్పగించాడు.

మేనేజర్ పెన్ను కింద పెట్టాడు. "పైన్ వాసన ఎలా ఉంటుంది?" అని అడిగాడు. మల్లేశన్న గ్లాసును బల్లమీద పెట్టాడు. మేనేజర్ ఇంకోటి అడిగాడు. "గ్రేప్‌ఫ్రూట్?"

"పెద్ద నిమ్మకాయ సార్."

వెనక ఎవరో నవ్వారు. కరీం భాయ్‌కు మనసొప్పలేదు. "మల్లేశం భాయ్, నీ మాటల్ల చెప్పు. ఆయనకు నేన్ చెప్తా కదా."

"వద్దు భాయ్. నా మాటలు ఈడ నడ్వయ్."

మేనేజర్ కాగితం మీద ఒక ముక్క రాసి ఇంకొకరిని పిలిచాడు. ఆ సాయంత్రం క్యాంప్‌కు వెళ్ళే బస్సులో నేను ఆయన పక్కన కూర్చున్నాను. ముందు ఆయనే అన్నాడు. "నీ మాటలు మంచియే తమ్మీ. నా నోట్లె పట్టలే." మర్నాటి నుంచి మళ్ళీ పీపాలు మోశాడు. పోయేదాకా అవే మోశాడు. గుండె ఆగడానికి డాక్టర్లు ఏదో కారణం రాసే ఉంటారు. నాకు మాత్రం ఆయనకు దక్కని ఆ కుర్చీ కనబడుతూ ఉంటుంది.

నిన్న వాళ్ళింటికి ఫోన్ చేశాను. మల్లేశన్న భార్య లచ్చవ్వ వదిన మాట్లాడింది. ఏం చెప్పాలో తెలియక, పరీక్ష చెడగొట్టింది నేనేనని చెప్పేశాను.

"నాకెర్కే మరిదీ. ఆడ గా దినం ఏమైందో మొత్తం చెప్పిండు. నీ మీద కోపమేం చెయ్యలే. కొత్త బీరు తాగిన్నని మురిసిండు."

"ఏమన్నడు వదినా, ఎట్లున్నదన్నడు?"

"ముందుగాల మాడిన జొన్నరొట్టె అంచు లెక్క ఉన్నదట. ఎన్కకు పచ్చి యాపపుల్ల. మింగినంక చానసేపటికి, అప్పుడే గీసిన తాటిగెల వాసనొచ్చిందట. గా పువ్వు కోసినోడు పొద్దు పొడవకముందే కోసిండు లచ్చీ, దానికి ఎండ తాకలే అన్నడు."

నేను ఆ మాటలు రాసుకుని కరీం భాయ్ దగ్గరికి వెళ్ళాను. పరీక్షనాటి ఖాళీ సీసా ఒకటి ఆయన బీరువాలో ఉంది. దాని వెనక అతికించిన కాగితం మీద చిన్న అక్షరాలను ఆయన చదివి, నాకు చూపించి, మళ్ళీ చదివాడు. పూలు సూర్యోదయానికి ముందు కోసినవి. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్న ఎవరికీ, ఆ రాత చదివితే తప్ప, అది తెలియదు. చదవకుండా తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన చేత నేను పైన్ చెట్టు అనిపించాను.

ఇలాంటి నాలుక మా హోటల్‌కు మళ్ళీ రాదు. వచ్చినా, దాన్ని మాట్లాడనిస్తామని నాకు నమ్మకం లేదు.

కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్ళు ఉన్నారు. కాగితాల పనులన్నీ భుజానేసుకుని తిరిగిన మా క్యాంప్ సాయిలుకు. శవపేటిక వెంట ఊరిదాకా వెళ్ళిన గంగారాంకు. ఆనాడు ఒక్కడైనా "నీ మాటల్ల చెప్పు" అన్న కరీం భాయ్‌కు, సీసా పారేయనందుకు కూడా. అందరికన్నా ముందు లచ్చవ్వ వదినకు. ఆమె ఆ మాటలు మనసులో దాచి ఉంచకపోతే, ఫైల్లో ఉన్న కాగితమే నిజమై మిగిలేది.