ముసలోళ్ల దప్పిక

కర్ణాటకలో తెలుగు మాట్లాడే ఊరు నిడుగల్లులో వయోజన విద్య పాఠాలు చెప్పే నాగక్క ఎవరింటికి పోయినా, వాళ్లతోపాటు కూర్చుని కాసేపు విత్తనం శెనక్కాయలు ఒలిచాకే సంచీలోంచి పుస్తకం తీస్తుంది. కిందటేడు బెంగళూరు నుంచి యూనివర్సిటీవాళ్లు వచ్చి ఊళ్లో ముసలివాళ్లను పరీక్షించి పోయారు. తెలుసుకున్నదంతా కన్నడంలో పుస్తకంగా అచ్చేసి నాగక్కకు పంపారు. కన్నడ అక్షరాల మీద వేలు జరుపుకుంటూ ఆమె తెలుగులో చెబుతుంది.

ఈ ఏడు కరువు ఎండాకాలంలో ఒకరోజు ముసలి కెంచమ్మ ఇంట్లో చదివింది. "వయసు మీరితే, ఒంటికి నీళ్లు తక్కువైనా దప్పిక అయినట్టే తెలీదంట."

కెంచమ్మ ఒలవడం ఆపేసింది. "నాకు దప్పికే కాదు గదాని నా నీళ్లు పిల్లోళ్లకే వదిలేస్తా ఉండానే. కండ్లు తిరిగేది దానికేనా?"

"దానికే అయ్యుండొచ్చవ్వా. దప్పికయ్యేదాకా కాచుకోవద్దు."

దూరం బోరింగు నుంచి కడవ మోసుకొచ్చిన కోడలు తిమ్మక్క, గడపలో నిలబడి అంతా విన్నది. కడవ దించి, చెంబు ముంచి అత్త చేతికిచ్చింది.

"పిల్లోళ్లకి?" అంది కెంచమ్మ.

"ఇంకో కడవ తెస్తాలే. తాగత్తా."

సగం తాగి కెంచమ్మ చెంబు దించబోయింది. తిమ్మక్క చెంబు అడుగున చెయ్యి పెట్టి, మెల్లగా పైకెత్తింది.