కడుపు కథ ఇలకైసిది

ఇలకైసి నా ఆడపడుచు. మా ఆయన కంటే పెద్దది కాబట్టి వదినా అంటాను. గౌరవం కొద్దీ అనుకునేరు, భయం కొద్దీ. ఇద్దరు మొగుళ్ళను తనే వదిలేసింది. మూడోవాడు, పాపం, జ్వరమొచ్చి పోయాడు. ఆవిడ వక్క నములుతూ అరుగు మీద కూర్చుంటే ఆ దారిన పోవడానికి నేనే జంకేదాన్ని. అలాంటి మనిషిని ఊరంతా ఎందుకు నెత్తిన పెట్టుకుందయ్యా అంటే, కడుపు కథ ఆవిడది.

మా కిరివినా దీవిలో వానలు పట్టాక, తోటల్లో దుంపలు మట్టికింద ఊరే రోజుల్లో, సాయంత్రాలు కథలు చెప్పుకుంటాం. చెప్పకపోతే దుంపలు ఊరవు. ఇది నేను పుట్టించిన మాట కాదు, మిషను బడిలో చదువుకున్న మా ఆయన మొనకేవు కూడా కాదనడు. ప్రతి కథకూ ఓ సొంతదారు ఉంటారు. తల్లో మేనమామో నోరారా "ఇది ఇక నీది" అని ఇస్తేనే అది మన కథ. అక్షరం పొల్లుపోకుండా వచ్చినా సరే, ఇంకొకళ్ళ కథ చెప్పకూడదు. చెప్పామా, వాళ్ళ తోటలో దొంగతనం చేసినట్టే లెక్క.

వదిన కథేంటంటే, ఓ బద్ధకపు బెస్తవాడు చేపలకు పోతూ, పడవలో ఆకలేస్తుందని కడుపు ఊడదీసి ఇంటి స్తంభానికి తగిలించిపోతాడు. కడుపు ఊరుకుంటుందా? కొట్టులో దుంపలన్నీ మింగుతుంది. మింగినకొద్దీ ఉబ్బుతుంది. "ఇంకా ఉందా?" అని పాడుతుంది. "లేదు లేదు!" అని మేమంతా అరవాలి. దుంపల్ని ఊరించడంలో దాన్ని మించిన కథ లేదు.

పోయిన ఎండల్లో వదినకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, నోరూ పడిపోయింది. "మాట ఇక రాదమ్మా" అని నర్సు చెప్పేసింది. కథ చెందాల్సింది సరుబికి, వదిన చెల్లెలి కూతురు. ఆ పిల్ల ఎన్నిసార్లు అడిగిందో! "ఏమే, అంత తొందరేం? నేనింకా చావలేదే" అని తరిమేది మహాతల్లి. ఇప్పుడు ఇద్దామన్నా నోరు లేదు. ఆవిడ పోయిన రోజున కథా పోతుంది. ఊళ్ళో పసిపిల్లలకు సైతం వచ్చిన కథ, చెప్పే హక్కున్నవాళ్ళు లేక పోతుంది. సరుబి నా వంటింట్లో కూర్చుని దీనికోసమే ఏడ్చేది.

వానలు మొదలయ్యాయి. ఓ సాయంత్రం అందరం వదిన అరుగు మీదే చేరాం. కథ ముగించినవాళ్ళు తర్వాత ఎవరు చెప్పాలో పేరు పెట్టి పిలవాలి. పిలిచాక తప్పించుకోడానికి లేదు. మా ఆయన తన పీత కథ ముగించి, ఏళ్ళ తరబడి అలవాటు కదా, "ఇక నీదే, ఇలకైసక్కా!" అనేశాడు.

ఆయన నోరు నొక్కేసుకున్నాడు గానీ ఏం లాభం, అనేశాక?

వదిన నోరు తెరిచింది. "ఆ... ఆ..." తప్ప ఏమీ రాలేదు. చొంగ కారింది. సరుబి తుడవబోతే చెయ్యి విసిరికొట్టి, స్తంభం పట్టుకుని లేచింది. ఎడమ చేత్తో పొట్ట ఊడదీసినట్టు తీసి స్తంభానికి తగిలించింది. దుంపలు మింగింది, బుగ్గలు పూరించింది. గడ్డం ఎగరేసి మా వంక చూసింది. మాకు అర్థమైంది. "లేదు లేదు!" అని అరిచాం. ఆ జవాబు ఎప్పుడూ ఊరందరిదే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలా చేతులతోనే కథ చివరిదాకా లాక్కొచ్చింది, నా తల్లి!

చివర్లో కడుపు ఓ మాటంటుంది. ఆ మాట లేకపోతే కథ లేదు. దాన్ని చేత్తో ఎలా చూపిస్తారు? వదిన ఆగిపోయింది. మళ్ళీ నోరు తెరిచింది. ఉక్రోషంతో కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. చూడలేకపోయాను. అందరికీ నాలుక చివరే ఉంది ఆ మాట, ఒక్కరూ అనరు.

అప్పుడావిడ తన వంకర మూతి మీద ఎడమ చెయ్యి గట్టిగా అదిమి, అదే చెయ్యి తీసుకెళ్ళి సరుబి నోటికి అదిమింది.

"ఇదిగో, అలా కుదరదు" అన్నాడు మా ఆయన. "నోటితో ఇవ్వాలి."

నాకు ఒళ్ళు మండింది. "నోరు పడిపోయిన మనిషి నోటితో ఎలా ఇస్తుందయ్యా? పేరు పెట్టి పిలిచిందెవరు, నువ్వు కాదూ?"

"నువ్వు వేరే వంశం దానివి, నీకెందుకే?"

"వేరే వంశం దాన్నే. తినేది ఆ దుంపలే కదా!"

ఆయన మేనకోడలి వైపు తిరిగి, "చెప్పవే సరుబీ" అన్నాడు.

సరుబి లేచింది. మధ్యలోంచి కాదు, మొదట్నుంచీ చెప్పింది, బెస్తవాడి బద్ధకం దగ్గర్నుంచీ. చివరకు వాడు ఇంటికొస్తే, ఉబ్బిపోయిన కడుపు వాణ్ణే స్తంభానికి తగిలించి విందుకు బయల్దేరుతుంది. "నువ్వు ఇంటికి కాపలా ఉండు నాయనా," అంది సరుబి, కడుపు గొంతు పెట్టి, "నీకెలాగూ ఆకలెయ్యదుగా!"

అరుగంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది వదిన. వంకర నోటితో, పొట్ట పట్టుకుని, ఊపిరాడక స్తంభానికి జారబడి మరీ నవ్వింది. చెప్పేవాళ్ళు తమ కథకు తాము నవ్వకూడదు, నవ్వితే దుంపలు పుచ్చిపోతాయి. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన నాటి నుంచి ఆ కథకు ఇలకైసి ఒక్కసారి కూడా నవ్వలేదు.