రెండు వాషర్లు

గుడియాత్తంలో నాకొక లేత్ షాపు ఉండాది. వేలూరు సత్తువాచారిలో ఉండే మా చెల్లెలి మొగుడూ నేనూ కలిసి ఆరు నెలలు కష్టపడి, రిమోటుతో ఎగిరే ఏడడుగుల విమానం చేసినాము. పెట్రోలు ఇంజను బిగించే పని నాది. ఇంజను జోరుకు విమానం ఎడమకు లాగుతుందని, ఎడమవైపు బోల్టుల వెనక రెండు వాషర్లు వేసి, ఇంజను మూతిని రవ్వంత కుడికి తిప్పినాను.

“వంకరగా ఉండాదే బావా, చూసినోళ్లు నవ్వుతారు” అన్నాడు ఆయప్ప, అదే మా చెల్లెలి మొగుడు.

“నవ్వనీ అప్పా. వాషర్లు మాత్రం తీయొద్దు.”

ఆదివారం కావేరిపాక్కం దగ్గర బీడులో పదిమంది ముందర ఆయప్పే రిమోటు పట్టుకున్నాడు. విమానం లేచీ లేవకముందే ఎడమకు ఒరిగి నేలకు గుద్దుకునింది.

“అంతా మా బావ బిగించిన లక్షణం!” అని అరిచినాడు. అందరూ నావైపే చూసినారు. నా తప్పేనేమోనని తల దించుకున్నాను.

అంతలో ఆయప్ప చెమట తుడుచుకోవడానికి జేబులోనుంచి కర్చీపు లాగినాడు. దాంతోపాటే నా వాషర్లు రెండూ కింద పడినాయి.

వంగి ఏరుకున్నాను. నోరు తెరిస్తే నలుగురిలో పోయేది నా చెల్లెలి పరువు. విమానం ఇంకోటి చేసుకోవచ్చు, ఆయప్ప అన్న ఆ మాట ఎట్లా మరిచేది?

ఆ వాషర్లు ఇప్పటికీ నా షాపు గోడకు కొట్టిన మేకుకు వేలాడుతున్నాయి. ఆయప్ప ఎప్పుడు వచ్చినా ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాడు.