పండగపూట మెజిస్ట్రేటు

చిత్తూరు జిల్లాలో నేను ఉద్యోగం చేసిన ఆ ఊరి పేరు చెప్పను. చెబితే ఆ మనుషులెవరో తెలిసిపోతుంది. వాళ్ళలో కొందరు ఇంకా బతికే ఉన్నారు, కొందరి పిల్లలు అదే కోర్టు వరండాల్లో నల్లకోట్లు వేసుకుని తిరుగుతున్నారు.

డెబ్బైల చివర్లో నేను అక్కడ గుమాస్తాగా చేరాను. మా నాయన పూతలపట్టు దగ్గర వేరుశనగ పండించే రైతు. ఆడపిల్లను కోర్టుకు పంపడమేమిటని చుట్టాలు మూతి విరిస్తే, "అది కేసుండి పోలా, కొలువుండి పోతా ఉండాది" అని నవ్వేవాడు. న్యాయం జరిగే చోట కూతురు పని చేస్తోందని ఆయనకు గర్వం. ఆ గర్వం చెడగొట్టడం ఇష్టంలేక ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పేదాన్ని కాదు.

కోర్టుకు సెలవులుంటాయి గాని చట్టానికి ఉండవు. పోలీసులు అరెస్టు చేసిన మనిషిని ఒక రోజు లోపల మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆస్పత్రిలో ప్రాణం పోయేలా ఉన్నవాడు చివరిగా చెప్పే మాట రాసుకోవడానికి మెజిస్ట్రేటే వెళ్ళాలి. దాన్ని మరణ వాంగ్మూలం అంటారు. అందుకని ఆదివారాల్లో, పండగల్లో ఊళ్ళో ఒక మెజిస్ట్రేటు ఉండి తీరాలి. మాకు ముగ్గురు మెజిస్ట్రేట్లు. ఎవరికి ఏ సెలవు అని వంతులు వేసేది మా గుమాస్తాలందరికీ పెద్ద అయిన శిరస్తదారు. టైపు కొట్టేది నేను. సంతకం పెద్ద జడ్జిగారిది.

పని చిన్నదే. దాని వెనక నడిచే రాయబారాలు మాత్రం ఇన్నీ అన్నీ కావు. పండగ దగ్గరపడితే మెజిస్ట్రేట్ల ఇళ్ళ నుంచి బంట్రోతులు వచ్చేవాళ్ళు. ఒకరింట్లో వరలక్ష్మీ వ్రతం, ఒకరి బావమరిదికి నిశ్చితార్థం, ఇంకొకరికి దీపావళికి అత్తగారి ఊరు. వీటన్నిటికీ మించింది తిరుపతి. పైనుంచి పెద్దలు కుటుంబాలతో కొండకు వచ్చేవాళ్ళు. రైల్వే స్టేషనులో వాళ్ళను ఎదుర్కొని, దర్శనం చేయించి, మళ్ళీ రైలెక్కించేదాకా వెంట ఉండటం ఏ చట్టంలోనూ రాసిలేని డ్యూటీ. దానికి మాత్రం అందరూ పోటీపడేవాళ్ళు.

ఇలా ఉండగా మొదటి కోర్టుకు కొత్త మెజిస్ట్రేటు వచ్చాడు. నాయుడుపేట వైపు మనిషి. తండ్రి మిషన్ బడిలో పంతులు. క్రైస్తవులు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బంట్రోతును కూడా "మీరు" అనేవాడు. ఆయన చేరిన రోజే శిరస్తదారు నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"మన కష్టం తీరిపోయిందమ్మా. ఉగాది, చవితి, దసరా, దీపావళి అన్నీ ఈయప్పకే ఏసేయొచ్చు. వాళ్ళకు పండగల్లేవు గదా."

"క్రిస్మసు ఉంటుంది గదా సార్?"

"అది ఒక దినమే గదమ్మా. అప్పుటికి సూద్దాం."

ఆ ఏడాది ఊరు పండగ చేసుకున్నప్పుడల్లా ఆయన ఇంట్లో చొక్కా విప్పకుండా కూర్చున్నాడు. వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకుపోతూ కొట్టుకున్నవాళ్ళు, దసరా నాడు సారాకొట్టు దగ్గర తలలు పగలగొట్టుకున్నవాళ్ళు ఆయన గుమ్మం ముందు వరసగా కూర్చునేవాళ్ళు. ఆయన ఒక్కొక్కరినీ, "పోలీసులు కొట్టారా?" అని అడిగి మరీ కాగితం మీద చెయ్యి పెట్టేవాడు. ఆ ప్రశ్న పోలీసులకు గిట్టేది కాదు. ఆయన మాత్రం ఎవరిమీదా ఒక్కమాట అనలేదు. వాళ్ళ ఇంటి పక్క సందులోనే నేను అద్దెకుండేదాన్ని. ఒకసారి ఆయన భార్య, "మాకు పండగల్లేవని ఎవరన్నారండీ? పిల్లలకు అన్ని పండగలూ కావాలి. టపాసులు కాల్పించడానికి వాళ్ళ నాన్నకు తీరిక లేదు, అంతే" అంది. నవ్వుతూనే అంది. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

డిసెంబరు వంతులు వేసేటప్పుడు నేను గుర్తుచేశాను. శిరస్తదారు గొణుక్కుంటూనే క్రిస్మసు రోజును రెండో కోర్టు మెజిస్ట్రేటుకు వేశాడు. ఉత్తర్వు వెళ్ళింది. క్రైస్తవ మెజిస్ట్రేటు నన్ను పిలిచి, "పండగ రోజు మా ఇంట్లో భోంచేయాలమ్మా మీరు" అన్నాడు. సరేనన్నాను.

పండగ ముందురోజు సంతకాల కోసం ఆయన గదిలో ఉన్నాను. రెండో కోర్టు మెజిస్ట్రేటు లోపలికి వచ్చాడు. చక్కటి మాటకారి.

"బ్రదర్, చిన్న సాయం. హైదరాబాదు నుంచి పెద్దాయన ఫ్యామిలీతో కొండకొస్తా ఉండారు. నేను తిరుపతిలో లేకపోతే బాగుండదు. మీరెటూ ఊళ్ళోనే ఉంటారు గదా. పొద్దున్నే ప్రార్థన అయిపోతుంది, తర్వాత ఇంట్లోనే గదా. రేపు కాస్త చూసుకోండి."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

"ఉత్తర్వు మార్పిస్తారా మరి?"

"ఇంతదానికి ఉత్తర్వెందుకు బ్రదర్? మన మధ్య మాట చాలదా?"

"సరే" అన్నాడు ఆయన. ఆ మాటకు తర్వాత ఎంత మూల్యం చెల్లించాడో నేను దగ్గరుండి చూశాను.

క్రిస్మసు నాడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పిల్లలు కొత్తబట్టలు నలగకుండా కుర్చీల అంచున కూర్చున్నారు. ఆయన భార్య నాకోసం విడిగా శాకాహారం వండింది. ఆయన రెండు ముద్దలు తిన్నాడో లేదో, పెద్దాస్పత్రి నుంచి మనిషి కాగితం పట్టుకుని వచ్చాడు. రెండో కోర్టు మెజిస్ట్రేటు ఇంటికి పోతే, అక్కడి బంట్రోతు ఇటు పంపాడట. కాలిపోయిన మనిషిని తెచ్చారు, మాట్లాడుతున్నాడు, ఎంతసేపు మాట్లాడతాడో తెలియదు అని డాక్టరు రాశాడు. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. చిన్నకూతురు, "నాన్నా, కేకు కొయ్యలేదు" అంది. "వచ్చి కోద్దాం తల్లీ" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

చెరకు ఆడే కాలం అది. ఊరి చుట్టూ బెల్లం వండే గానుగలు నడుస్తున్నాయి. కాలినవాడు అలాంటి ఒక గానుగలో కూలి. బెల్లం వండే పెద్ద పెనంలో, మరుగుతున్న పాకంలో పడ్డాడు. పడ్డాడా, ఎవరన్నా తోశారా అన్నది ఆ పూట మాకు తెలియదు.

ఆయన వెళ్ళిన కాసేపటికి ఇంటిముందు అంబాసిడరు కారు ఆగింది. హెడ్ కానిస్టేబులు దిగాడు. వెనకసీట్లోంచి తెల్లచొక్కా వేసుకున్న కుర్రవాడొకడు, వాడి పక్కన ఊళ్ళో పేరున్న వకీలు దిగారు. కుర్రవాడు ఆ గానుగ యజమాని కొడుకని, కూలీని తోశాడని అరెస్టు చేసి తెచ్చారని, కారు కూడా వాళ్ళదేనని తర్వాత తెలిసింది. అరెస్టు చేసిన మనిషి కారులోనే హెడ్ కానిస్టేబులు కూడా ఎక్కి వచ్చాడన్నమాట.

"సార్ ఉండారా అమ్మా?" అన్నాడు హెడ్ కానిస్టేబులు.

"ఆస్పత్రికి పోయినారు. వాంగ్మూలం రాసుకోను. ఈడికి దగ్గిరే గదా, ఆడికే పోండి" అన్నాను.

హెడ్ కానిస్టేబులు వకీలు వైపు చూశాడు. వకీలు నా వైపు చూసి మెల్లగా నవ్వాడు.

"మేము ఇంటికే వస్తాం తల్లీ. మెజిస్ట్రేటు యాడుంటే ఆడికంతా తిరిగే పని మాకేం? ఉండేది డ్యూటీలో గదా ఆయప్ప? లేడు. అంతే."

"లేకపోవడం కాదు సార్, డ్యూటీ మీదనే..."

"రాసుకోవయ్యా, ఇంట్లో లేరని రాసుకో" అన్నాడు హెడ్ కానిస్టేబులుతో. కాసేపు కారు నీడలో నిలబడి సిగరెట్టు కాల్చుకున్నారు. తర్వాత కారు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయారు. ఆస్పత్రి ఎడమపక్క ఉంది. కారు కుడిపక్కకు తిరిగింది.

ఆయన వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. పిల్లలు కేకు ముందు కూర్చుని ఉన్నారు. సైకిలు గోడకు ఆనించి, పంపు దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. కారు వచ్చిన సంగతి చెప్పాను. "ఆస్పత్రికి రమ్మన్నారా మీరు?" అని అడిగాడు. రమ్మన్నానన్నాను. తల ఊపాడు. "వేలిముద్ర వేయించడానికి చేతుల్లో చర్మం లేదమ్మా. కాలి బొటనవేలితో వేయించాను" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఆ మనిషి తెల్లారేలోగా చనిపోయాడు.

మర్నాడు రెండో కోర్టు మెజిస్ట్రేటు కొండ ప్రసాదం తెచ్చి ఆఫీసంతా పంచాడు. క్రైస్తవ మెజిస్ట్రేటు గదిలోకి కూడా వెళ్ళి ఇచ్చాడు. ఆయన రెండు చేతులతో తీసుకున్నాడు.

వకీలు టెలిగ్రాంలు ఇచ్చాడు. పండగ రోజు మెజిస్ట్రేటు డ్యూటీలో లేనందువల్ల నా కక్షిదారు బెయిలు అడిగే హక్కు పోగొట్టుకుని లాకప్పులో ఉండాల్సి వచ్చిందని పైకి, కిందికి అందరికీ ఇచ్చాడు. పైనుంచి ప్రశ్న వచ్చింది. ఉత్తర్వు ప్రకారం ఆ రోజు డ్యూటీ రెండో కోర్టుది. ఆయన్ను అడిగితే, "నేను బ్రదరుకు ఒప్పజెప్పి వెళ్ళాను, ఆయన ఒప్పుకున్నారు" అన్నాడు. అది నిజమే. అంతవరకే నిజం. సంజాయిషీ అడుగుతూ మెమో తయారైంది క్రైస్తవ మెజిస్ట్రేటు పేరున. దాన్ని టైపు చేయమని నాకే ఇచ్చారు.

నేను శిరస్తదారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, నేను ఆడనే ఉండాను ఆ పొద్దు. ఆస్పత్రికి పోండని నేనే చెప్పినాను. వాళ్ళే పోలేదు. కావాలంటే రాసిస్తాను."

"నిన్నెవరడిగినారమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. "రాసిస్తే, పండగపూట నువ్వు ఆయనింట్లో ఎందుకుండావని అడుగుతారు. నీకు పెళ్ళి కావాల్సుండాది. పో, పని సూసుకో."

నేను చూసిందంతా వెళ్ళి పెద్ద జడ్జిగారికి చెప్పాను. ఆయన విని, "సరేనమ్మా" అన్నాడు. అంతే. మెమో వెళ్ళింది.

క్రైస్తవ మెజిస్ట్రేటు ఇచ్చిన సంజాయిషీ చిన్నది. ఆ రోజు ఎక్కడున్నాడో, ఎందుకున్నాడో రాశాడు. రెండో కోర్టు మెజిస్ట్రేటు మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని భార్య ఏడ్చిందని విన్నాను. ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో రాసిపెట్టి, పోలీసులకు కబురు చేసి వెళ్ళాల్సింది, అంత జాగ్రత్త తీసుకోలేదు, కాబట్టి విధుల్లో అలసత్వం అని తేల్చారు. వేసవి బదిలీల్లో రాష్ట్రానికి ఆ చివర ఎక్కడో అడవి తాలూకాకు పంపారు. సామాను లారీకి ఎక్కించిన రోజు మా ఆఫీసు నుంచి నేనూ, ఒక బంట్రోతూ తప్ప ఎవరూ రాలేదు.

హత్య కేసు విచారణకు రావడానికి చాలాకాలం పట్టింది. సాక్ష్యం చెప్పడానికి ఆయన అంత దూరం నుంచి రైళ్ళు, బస్సులు మారి వచ్చాడు. జుట్టు నెరిసింది. నేను భోజనం మానేసి కోర్టు హాల్లో వెనక నిలబడ్డాను. అప్పుడే ఆ వాంగ్మూలం మొదటిసారి విన్నాను. చదివి వినిపించారు. "మా ఆడదాని చెయ్యి పట్టుకున్నాడు. ఏంది సామీ ఇది అని అడిగినాను. నన్నే అడుగుతావా అని రొమ్ము మీద తన్నినాడు. పెనంలోకి పడిపోయినాను." అంతే ఉంది అందులో.

వకీలు లేచాడు. అదే వకీలు, అదే నవ్వు.

"ఉత్తర్వు ప్రకారం ఆ రోజు డ్యూటీ మీదేనా?"

"కాదు."

"మీది కాని డ్యూటీకి మీరెందుకు పోయారు?"

"నాకు అప్పజెప్పారు. నోటిమాటగా."

"కాగితం ఉందా?"

"లేదు."

"ఆ రోజు విధుల్లో అలసత్వం చూపినందుకు మిమ్మల్ని మందలించారు. నిజమేనా?"

"నిజమే."

"చనిపోయిన మనిషి మీ మతంవాడే. పండగనాడు మీ మతంవాడి కోసం మీది కాని డ్యూటీకి పరిగెత్తారు. అవునా?"

ఆయన వకీలును కాక నేరుగా జడ్జిని చూసి అన్నాడు. "ఆయన మతమేదో నేను అడగలేదండీ. ఒళ్ళంతా కాలిపోయి ఉన్నాడు."

డ్యూటీ ఆయనదేనని శిక్ష వేశారు. డ్యూటీ ఆయనది కాదని సాక్ష్యం కొట్టేశారు. రెండూ కాగితాల మీదనే జరిగాయి, రెండూ చట్టం పేరుతోనే జరిగాయి. గానుగలో ఉన్న మిగతా కూలీలు అప్పటికే మాట మార్చారు. వాంగ్మూలం మీద అనుమానానికి తావుందని, ఆ అనుమానపు ఫలం ముద్దాయికే చెందాలని కేసు కొట్టేశారు. రెండో కోర్టు మెజిస్ట్రేటు ఆ సరికే పెద్ద హోదాలో తిరుపతికి వెళ్ళాడు. పైనుంచి వచ్చేవాళ్ళను ఎదుర్కోవడానికి ఆయనకు ఇంకా దగ్గరైంది.

తీర్పు చెప్పిన రోజు చనిపోయినవాడి భార్య వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. లోపల ఇంగ్లీషులో చదివింది ఆమెకు అర్థం కాలేదు. అటుగా పోతున్న నన్ను కొంగు పట్టుకుని ఆపింది.

"అమ్మా, ఏమని చెప్పినారు?"

"అనుమానం ఉండాదని వదిలేసినారు."

"మా ఆయప్ప సచ్చిపోతా అబద్ధం చెప్పినాడంటనా?"

"అట్ల కాదమ్మా. అబద్ధమని అనలేదు. అనుమానమని..."

"అనుమానం ఎవురికి? సెయ్యి పట్టుకునింది నన్ను. నేనాడ నిలబడుండాను. సూసినాను. నాకు ల్యాదు అనుమానం. నా సాచ్చికమూ అడిగినారు గదా, పెండ్లాం మాటని ఒప్పుకోలేదు. ఆ సారు మాటా ఒప్పుకోలేదు. ఇంక ఎవురి మాట ఒప్పుకుంటారమ్మా ఈడ?"

లోపల నుంచి శిరస్తదారు పిలుస్తున్నాడు. ఆమె కొంగు వదిలేసి, చేతిసంచి చంకన పెట్టుకుని, గేటు దాటి బస్టాండు వైపు నడిచింది. అదే గేటులోంచి వస్తూ తెల్లచొక్కా కుర్రవాడి కారు హారను కొట్టింది. ఆమె పక్కకు తప్పుకుని దారిచ్చింది.