తాడు చివర తాళంచెవి

ఆదివారాల్లో ఊరు చూడవచ్చినవాళ్లకు మా చౌక్తడా పేటలోని పాత వీధులు తిప్పి చూపిస్తుంటాను. మిగతా రోజుల్లో మేస్త్రీలకు ఇటుక, సిమెంటు అంచనాలు వేసిపెట్టడం నా పని. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, చేసుకుంటూ వచ్చినవే. ఆ అలవాటుకొద్దీ నడకను కూడా నిమిషాలుగా విడగొట్టాను: కోర్టు మెట్ల దగ్గర పది, మూసేసిన బ్యాంకు దగ్గర ఎనిమిది, మా పెద్దమ్మ ఇంటి కింద ఐదు.

పెద్దమ్మ ఉండేది మూడో అంతస్తులో. ఈ వీధుల్లో కింది ఇనుప తలుపుకు తాళం వేసి ఉంటుంది. ఒక్కో బాల్కనీ నుంచి ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది. కింద లాగితే పైన గంట మోగుతుంది. ఇంట్లోవాళ్లు తాళంచెవిని తాడుకు తగిలించి దింపుతారు. చూడవచ్చినవాళ్లకు ఇదొక ముచ్చట. వేరేవాళ్ల తాడు లాగితే తిడతారు. పెద్దమ్మ తిట్టదు కాబట్టి ఆమె తాడే లాగించేవాణ్ణి. ఫొటో తీసుకుని, ఆమె బయటికి వచ్చేలోగా మలుపు తిరిగిపోయేవాళ్లం.

మొన్న వచ్చిన భార్యాభర్తలది జర్మనీలో ఒక చిన్న పాత ఊరు. భార్య తాడు లాగింది. ఫొటో సరిగా రాలేదని మళ్లీ లాగింది. ఈలోగా పైనుంచి తాళంచెవి జారుతూ వచ్చి ఆమె అరచేతిలో ఆగింది.

తలెత్తి చూశాను. పెద్దమ్మ కటకటాలు పట్టుకుని వంగి ఉంది.

“నువ్వేట్రా? తమ్ముడనుకున్నాను.”

తమ్ముడంటే ఆమె కొడుకు. ఓడలో పని. వానాకాలం నుంచి ఫోను లేదు. రేవులో దిగితే చెప్పాపెట్టకుండా వచ్చి తాడు లాగడం వాడి అలవాటు. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు.

“ఆ దొరసాని ఎవులు?”

“ఊరు సూడ్డానికొచ్చారు, పెద్దమ్మా.”

“ముసిల్దాని గంట కూడా సూపిస్తన్నావేటి? టికెట్టెట్టు మరి.” నవ్వుతూనే మోకాలు పాముకుంది.

పైన ఉన్నది మా పెద్దమ్మ అని, కొడుకు వచ్చాడనుకుందని ఆ జర్మన్ ఆమెకు చెప్పాను. ఆమె ముఖం మారింది.

“మా అమ్మ ఇల్లు మా ఊళ్లో బాగా పాతది. చూడవచ్చినవాళ్లు ఊరికే తలుపు గంట మోగించి పోతుంటారు. ప్రతిసారీ మెట్లు దిగి వస్తుంది” అని, తాళంచెవిని నా చేతిలో పెట్టింది.

గోడకు ఇటుకలు లెక్కవేసేటప్పుడు చిన్న కిటికీ ఖాళీని కూడా మరవను. ఈ ఇంటి కింద ఆగడానికి నేను లెక్కేసిన ఐదు నిమిషాల్లో మాత్రం వంటింటి నుంచి బాల్కనీ దాకా పెద్దమ్మ నడక ఎక్కడా లేదు.

తాళంచెవి తిరిగి కట్టి పంపి, వాళ్లను హోటల్లో దింపి, సాయంత్రం మళ్లీ వచ్చాను. తాడు మీద చెయ్యి వేసి ఆగిపోయాను. నేను లాగినా మోగేది ఆ గంటే. వీధి మధ్యకు వెళ్లి పైకి చూసి ముందు పిలిచాను.

“పెద్దమ్మా, నానే. తమ్ముడు కాదు.”

“వినబడిందిలే. ఈదంతా సెప్పకు” అంది లోపలి నుంచి.

చాలాసేపటికి తాళంచెవి దిగింది.