చెల్లెకు ఇచ్చిన దారి

సమ్మెతో మళ్ళీ బడులు బందయినయి. నిన్న జనగామ గ్రౌండులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు హాకీ ఆడుతుంటే చూస్తూ నిలబడిపోయిన.

మా చిన్నప్పటి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నా ఈడోళ్ళకు యాదికుంటది. అప్పుడూ గిట్లనే నెలల తరబడి బడులు మూతపడ్డయి. డ్రిల్లు సారయిన మా బాపు వాకిట్లనే రెండు ఇటుకలు గోలుగా పెట్టి, తుమ్మకట్టెలు చెక్కిచ్చి నాకూ చెల్లెకూ హాకీ నేర్పిండు. చెల్లె బంతి తీసుకొని రావాలె, నేను ఆపాలె.

"దాని మొఖం జూడకు, బంతిని జూడు. కట్టె నేలకు ఆనిచ్చి ఉంచు" అనేటోడు.

నేను మొఖమే చూసేదాన్ని. పాపమనిపించి పక్కకు జరిగేదాన్ని.

"అక్కను దాటుడు తేలికగున్నది బాపూ!" అని చెల్లె ఎగిరేది.

బడి తెరిచినంక జట్టుకు పిల్లలను ఎంచుకునేటందుకు పోటీ పెట్టిన్రు. కురవి వీరన్నకు మొక్కి చెల్లెను పంపిన. అక్కడ ఎవ్వరూ పక్కకు జరగలేదు. ఒక్కసారి కూడా దాటలేక ఇంటికొచ్చి, కట్టె నా చేతిల పెట్టింది.

"నువ్వు ఆపితే నేర్చుకునేదాన్ని గదక్కా" అన్నది. మళ్ళీ ఆడలేదు.

నిన్న గ్రౌండులో ఆ పెద్దపిల్ల కూడా నవ్వుకుంటూ పక్కకు జరిగింది. దగ్గరికి పోయి మెల్లగా చెప్పిన.

"జరగకు బిడ్డా. చెల్లెను ఆపు."